థండర్ బే ఆరు, విన్నిపెగ్ అయిదు

రేయినో కాస్కెలా అబద్ధమాడడని మా ఊరు థండర్ బేలో ప్రతీతి. ఆ ప్రతీతికి మూలం ఒక రాయి.

కర్లింగ్ ఆటలో బరువైన రాతిని పిడి పట్టుకుని మంచుగచ్చు మీద మెల్లగా జార్చి వదులుతారు. అది ఆవలి కొసన గీసిన వలయంలోకి పోయి ఆగాలి. దారి పొడుగునా ఇద్దరు దాని ముందు చీపుళ్ళతో మంచును రుద్దుతూ పరుగెడతారు. ఆ తొందరలో చీపురు అంచు గాని బూటు కొన గాని కదులుతున్న రాతికి సోకితే తప్పు. ఆ రాయి ‘కాలింది’ అంటాం. మా క్లబ్బు ఆటల్లో ఈ తప్పును కనిపెట్టడానికి వేరే మనిషి ఉండడు. సోకించినవాడే చెయ్యెత్తి చెప్పాలి. చెప్పిన పిమ్మట ఆ రాతిని తీసివెయ్యాలా, ఆగినచోటనే ఉంచాలా అన్నది ఎదుటి పక్షపు నాయకుడి ఇష్టం. తప్పు చేసినవాడికి అందులో నోరెత్తే హక్కు లేదు. మనిషి అంతరాత్మనే న్యాయపీఠం మీద కూర్చోబెట్టిన ఆట ఇంకొకటి నేనెరుగను.

రేయినో తండ్రి ఫిన్లాండు నుంచి వచ్చి ఉత్తరపు అడవుల్లో కలప కొట్టినవాడు. రేయినో కాగితం మిల్లులో చేరి, అది మూతపడేదాకా అందులోనే పనిచేశాడు. శనివారం రాత్రి సౌనాలో ఆవిరి స్నానం, ఆదివారం ప్రార్థనాలయంలో వెనక బల్ల, తక్కిన వేళలన్నీ మా క్లబ్బు. నిటారైన మనిషి; నిచ్చెన అక్కర లేకుండానే అటకలు అందేవి. వయసులో ఉండగా ఒకసారి జిల్లా పోటీల ఆఖరి ఆటలో, ఆఖరి రాతికి, అతని చీపురు కుచ్చులో ఒక్క పోగు సోకింది. చూసినవాడు లేడు. రాయి పోయి వలయం నడుమ కూర్చుంది. జనం లేచి కేకలు పెడుతున్నారు. రేయినో చెయ్యెత్తాడు. ఎదుటివాళ్ళు ఆ రాతిని తీసేశారు, కప్పు వాళ్ళకు పోయింది. అప్పటి నుంచి మా ఊళ్ళో తల్లులు పిల్లలతో “రేయినోలాగా చెయ్యెత్తి చెప్పు” అనడం అలవాటైపోయింది.

నేను చెప్పబోయేది ఆ చెయ్యే చేసిన ఇంకొక పని సంగతి.

ఈ దేశంలో ఏటేటా ప్రభుత్వం ఒక లెక్క బయటపెడుతుంది: ఏ నగరంలో లక్షమందికి ఎంతమంది హత్యకు గురయ్యారు అని. పత్రికలవాళ్ళు దాన్ని పైనుంచి కిందికి వరుస పేర్చి అచ్చు వేస్తారు. ప్రాణాల లెక్క కదా, చదివి కళ్ళు మూసుకుని ఒక క్షణం ఊరుకోవలసిన కాగితం. మేము దాన్ని ఆటల పట్టికలా చదివేవాళ్ళం. మా ఊరు చిన్నది, జనాభా లక్ష పైచిలుకు. తొరొంటోలో అరవైమంది పోతే గాని కదలని అంకె మా ఊళ్ళో ఒక్క మనిషి పోతే కదులుతుంది. అందుచేత ఆ వరుసలో మా పేరు ఎప్పుడూ పై మెట్ల మీదే.

ఒక చలికాలం విన్నిపెగ్ జట్టు పోటీలకు వచ్చి, భోజనాల దగ్గర వాళ్ళ నాయకుడు డార్సీ హాస్యమాడాడు. “మీ ఊరు వస్తున్నామంటే మా ఆవిడ ఇనుప చొక్కా కుట్టించుకోమంది” అన్నాడు. అందరూ నవ్వారు, రేయినోకి మాత్రం తల కొట్టేసినట్టయింది. పుట్టిన ఊరి మీద పడిన మాట. మర్నాడు పత్రికలో చూస్తే ఆ ఏడు విన్నిపెగ్ మాకంటే పైన ఉంది. రేయినో అంకెలు వేసిన రేకు పలకలు తీసుకుని, ఎవరూ ఆడని చివరి మంచుపట్టీ వెనక గోడ మీది పాయింట్ల బోర్డు దగ్గరికి పోయాడు. రెండు ఊళ్ళ పేర్లూ సుద్దతో రాసి, పై మేకుల మీద మా ఊరికి, కింది మేకుల మీద విన్నిపెగ్‌కి తగిలించి, “ఇదిగో డార్సీ, గెలిచింది మీరే, చూసుకో” అన్నాడు.

అంతటితో ముగిస్తే ఒక పూట పౌరుషంగా పోయేది. ఆ బోర్డు నిలిచిపోయింది. ఏడాది మొదట్లో పలకలన్నీ తీసేవారు. రేడియోలో ఒక హత్య వార్త వినబడినప్పుడల్లా పై వరుసలో ఒకటి తగిలించేవారు. విన్నిపెగ్ పెద్ద ఊరు గనక అక్కడ ఎనిమిదిమంది పోతే ఒక పలక. ఊళ్ళ జనాభాను బట్టి రేయినోయే కట్టిన లెక్క అది. తప్పు తూకం కాకూడదని అతని పట్టుదల. తగిలించే పనీ అతనిదే, పొడగరి గనక.

కిందటేడు నవంబరులో ఒక పొద్దున అతను కాఫీకి వచ్చేసరికి గోర్డ్ స్టెపానియుక్ బల్ల దగ్గర కూర్చుని గులాబీరంగు పూత పూసిన, మా ఊళ్ళో పర్షియన్ అనే తీపి రొట్టెలు తింటున్నాడు. గోర్డ్ రేయినోకి మిల్లునాటి స్నేహితుడు. నోటికి తాళం లేనివాడు.

“విన్నావట్రా? రాత్రి ఇంకోటి.”

“ఎక్కడ?”

“దక్షిణం పక్క. అపార్ట్‌మెంట్ల వెనక కత్తితో పొడిచారుట. పేరింకా చెప్పలేదు.”

“అయితే ఆరు.”

“విన్నిపెగ్ ఎంతలో ఉంది?”

“అయిదు.”

“ఇంకేం! లేవరా, లేచి తగిలించు. అంతెత్తు ఎదిగింది ఎందుకు మరి?”

రేయినో లేచి ఆరో పలక తగిలించాడు. రెండడుగులు వెనక్కి వేసి, మెడ వంచి సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నాడు. “దాటేశాం. ఈ ఏడు కప్పు మనదే” అన్నాడు. బల్లచుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాం.

ఆనాడు వంటింటి కిటికీ తెరుచుకోలేదు.

మా క్లబ్బు వంటిల్లు వెర్నా మీకిస్‌ది. దూరపు ఉత్తరాన, విమానం మీద తప్ప పోలేని ఆదివాసుల రిజర్వు నుంచి వచ్చి పన్నెండేళ్ళుగా మాకు వండి పెడుతోంది. శనివారాలు ఆడుకోవడానికి వచ్చే పిల్లలు ఆమెను వాళ్ళ సొంత అమ్మమ్మను పిలిచినట్టు ‘కోకుమ్’ అని పిలిచేవారు; ఆమె బానక్ రొట్టెకు తేనె రాసి చేతుల్లో పెట్టేది. పెద్దవాళ్ళకు మాత్రం నోటితో వాత పెట్టేది. “రేయినో, చెంచా అలా పట్టుకున్నావేం? సూపు కరుస్తుందనా?” అనేది.

మధ్యాహ్నానికి పేరు తెలిసింది. ఇర్విన్ మీకిస్, వెర్నా తమ్ముడి కొడుకు, ఇళ్ళ కప్పులు వేసే పనివాడు. ఆ వేసవిలో మా వంటింటి కప్పు కారుతుంటే బాగుచేసింది అతనే. అప్పుడు నిచ్చెన పట్టుకుని కింద నిలబడినవాడు రేయినో. “తాతా, నువ్వు నిచ్చెన వదిలితే నేను నీ మీదే పడతా, చూసుకో” అని పైనుంచి నవ్విన కుర్రవాడి గొంతు రేయినో చెవుల్లో ఇంకా ఉంది.

అప్పుడే పోయి ఆ పలక తీసెయ్యవలసింది. తియ్యడానికే లేచాడు కూడా. కాని గచ్చు మీద జనం ఉన్నారు. తీస్తుంటే ఎవరైనా చూస్తారు, చూస్తే తగిలించినవాడెవడో తలుచుకుంటారు. రేపు తీద్దామనుకున్నాడు. మర్నాడు పిల్లలున్నారు. ఆ మర్నాడు ఎవరూ లేరు. అప్పుడు అతనికే ఆ గోడ దగ్గరికి అడుగు పడలేదు. పాపం చేసిన చోటికి తిరిగి పోవడం చెయ్యడం కంటే కష్టం. అవతల వెర్నా మేనల్లుడి శవంతో విమానమెక్కి ఉత్తరానికి పోయింది, గడ్డకట్టిన నేలను మంటలు పెట్టి కరిగించి, తవ్వి, పూడ్చి వచ్చింది. వచ్చేసరికి ఆరో పలక ఆరో మేకు మీదే ఉంది.

ఆమె పనిలోకి వచ్చిన రోజు, మంచుగచ్చు చివర ఉండే సరుకుల గదికి పోతూ ఆ బోర్డు ముందు ఆగింది. ఆ బోర్డు అక్కడున్న సంగతి ఆమెకు తెలుసు. ఏదో పాత ఆట లెక్క అనుకునేది. ఇప్పుడు ఊళ్ళ పేర్లు చదివింది. అంకెలు చదివింది. ఇర్విన్‌ది ఈ ఏడు ఊళ్ళో ఆరో హత్య అని రేడియో చెప్పిన మాట గుర్తొచ్చింది. తిరిగొచ్చి కాఫీ బల్ల దగ్గర నిలబడింది.

“ఆ ఆరోది ఎవరు పెట్టారు?”

గోర్డ్ కప్పులో కాఫీ కలుపుతూ అన్నాడు:

“ఏవో పిల్లల పని అయ్యుంటుందిలే వెర్నా. తెలిసీ తెలియని వయసు. పట్టించుకోకు.”

“పిల్లలా? మన శనివారం పిల్లలా?”

“మరింకెవరు?”

వెర్నా రేయినో వైపు చూసింది, అనుమానంతో కాదు, నిజం చెప్పే మనిషి కదా అని. రేయినో కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఊరుకోవడం ఎంత పెద్ద అబద్ధం కాగలదో ఆ ఒక్క గడియలో అతనికి తెలిసివచ్చింది.

క్లబ్బు అధ్యక్షుడికి ఈ సంగతి చేరింది. చేసినవాళ్ళు ఒప్పుకునేదాకా పిల్లలకు శనివారం ఆట బంద్ అన్నాడు. పిల్లలు ఏడ్చారు, ఒకరినొకరు అనుమానించుకున్నారు. వెర్నా తేనె సీసాను అటక మీదికి ఎక్కించేసింది. బజారులో వాళ్ళు ఎదురైతే తల తిప్పుకుని పోయేది. అన్నిటిలోకీ రేయినో గుండెను కోసింది అదే. మేనల్లుడు పోయిన మనిషికి, ఉన్న పిల్లలనూ తన మౌనంతో దూరం చేశాడు. అతను సౌనాలో కూర్చున్నా చలి విడిచేది కాదు. భార్య ఔనే అడిగింది: “ఏమైంది నీకు? ప్రార్థనలో కూడా గొంతు కలపడం లేదు.” “జలుబు” అన్నాడు. జన్మలో ఆమెతో ఆడిన మొదటి అబద్ధమేమో.

తరవాతి గురువారం సాయంత్రం మామూలు ఆట. రేయినో గోర్డ్ రాతికి చీపురు పడుతున్నాడు. నడిమి గీత దాటాక అతని బూటు కొన రాతికి సోకింది. మనసాలోచించే లోపల చెయ్యి పైకి లేచింది, నలభై ఏళ్ళ అలవాటు.

“కాలింది. నాదే తప్పు.”

ఎదుటి నాయకుడు నవ్వి, “ఉండనీలే, ఎక్కడాగిందో అక్కడే ఉండనీ” అన్నాడు. అద్దం వెనక కాఫీలు తాగుతున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. “అదిరా రేయినో అంటే!” అని ఎవరో అరిచారు. ఆ చప్పట్లలో ఒక్కొక్కటీ అతని చెంప మీద పడింది.

ఆట అయ్యాక గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకు తాగడానికి ఇప్పించడం, రెండు పక్షాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం మా ఆచారం. వెర్నా సూపు గిన్నెలు తెచ్చి పెట్టింది. రేయినో ముందు గిన్నె పెడుతూ అంది:

“అద్దంలోంచి చూశాను రేయినో. నీలాంటివాడు ఒక్కడుంటే చాలు క్లబ్బుకి. ఒక పని చేసిపెట్టు. ఆ పిల్లలతో నువ్వోసారి మాట్లాడు. నువ్వు అడిగితే చెప్తారు. నాకు కోపమేం లేదు. ఎవరో తెలిస్తే చాలు.”

ఆమె వంటింట్లోకి పోయింది. గోర్డ్ బల్ల కింద రేయినో మోకాలు తట్టి, “మాట్లాడతానని ఊరుకో, నాలుగు రోజుల్లో మర్చిపోతుంది” అన్నాడు మెల్లగా.

“ఆవిడ మర్చిపోతుందిరా, సరే. మరి నేను?”

“పిచ్చివాడా, చెప్తే ఈ ఊళ్ళో తలెత్తుకోగలవా?”

“ఇప్పుడేమన్నా ఎత్తుకున్నానా?”

రేయినో లేచి వంటింటి తలుపు దగ్గరికి పోయాడు. వెర్నా గిన్నెలు కడుగుతోంది. అతను గడప దాటలేదు.

“వెర్నా, పిల్లలు కాదు. నేను.”

ఆమె చేతులు నీళ్ళలోనే ఆగాయి.

“ఏం నువ్వు?”

“ఆ పలక తగిలించింది నేను. ఆ బోర్డు మొదలెట్టిందీ నేనే. ఇర్విన్ అని అప్పటికి తెలియదు, కాని…”

“తెలియకపోతే?”

రేయినో తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“తెలియకపోతే ఎవరో ఒకరు. అంతేగా?” ఆమె గొంతు పెరగలేదు. “తగిలించి ఏమన్నావు?”

“వెర్నా…”

“ఏమన్నావు చెప్పు. ఊరికే తగిలించి పోవు కదా నువ్వు, ఏదో అనే ఉంటావు.”

గిన్నెల మీది నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. రేయినో చెప్పాడు. “దాటేశాం. ఈ ఏడు కప్పు మనదే, అన్నాను.” ఆ మాటలు అప్పుడు గాలిలో తేలిన ఈకలు, ఇప్పుడు ఒక్కొక్కటీ పళ్ళ మధ్య రాయి.

వెర్నా తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

“మొదటిది ఎవరు? రెండోది?”

“తెలియదు.”

“అన్నీ నువ్వేగా తగిలించావు?”

“నేనే. ఒక్కరి పేరూ తెలియదు.”

“నా మేనల్లుడికి నువ్వు నిచ్చెన పట్టావు” అంది ఆమె. ఆ మాట తరవాత ఆమె కళ్ళు తుడుచుకుంది గాని, అతన్ని తుడుచుకోనివ్వలేదు. “పద బయటికి. అందరి ముందూ చెప్పు. ఆటలో చెప్పినట్టు చెప్పు.”

రేయినో బయటికి వచ్చాడు. బల్లల మధ్య నిలబడి కుడిచెయ్యి ఎత్తాడు. మొదట ఎవరో నవ్వారు, ఆట ఎప్పుడో అయిపోయింది కదా అని. అతను చెప్పడం మొదలుపెట్టేసరికి సద్దుమణిగింది. పిల్లల తప్పు కాదన్నాడు, తనదన్నాడు, ఏమన్నాడో ఆ మాటనూ మింగకుండా చెప్పాడు. గోర్డ్ తల దించుకున్నాడు. కాసేపటికి “లేచి తగిలించమంది నేను” అన్నాడు, ఎవరికీ సరిగా వినబడకుండా. అధ్యక్షుడు పిల్లల ఇళ్ళకు ఫోన్ చెయ్యడానికి బయటికి పోయాడు. రేయినో చెయ్యి ఇంకా దింపలేదు.

“నేనిప్పుడే పోయి మొత్తం తీసేస్తాను” అన్నాడు వెర్నాతో.

“నిన్నెవరు తియ్యమన్నారు?”

అప్పుడు అతను చెయ్యి దించాడు.

“తప్పు నీది. ఏం చెయ్యాలో చెప్పేది నేను. మీ ఆటలో పద్ధతి అదేగా, పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. అక్కడే ఉండనీ. నువ్వు తీసేస్తే వాడు పోనూ పోయాడు, నీ సిగ్గూ పోయింది, అందరికీ హాయి. వద్దు. అది చూసి అడిగిన ప్రతి మనిషికీ అదెవరో నువ్వు చెప్పాలి. నోటితో. తక్కినవాళ్ళెవరో కూడా కనుక్కో.”

ఆ శనివారం పిల్లలు తిరిగి వచ్చారు. వెర్నా వాళ్ళ ముందు తేనె సీసా పెట్టి, “ముసలిదాన్ని, తప్పుగా అనుకున్నాను” అంది. ఒక్కొక్కరి తలా నిమిరింది. రేయినో ఆ వేళకు క్లబ్బుకు రావడం మానుకున్నాడు. పిల్లలు తనను చూసే చూపు మారిందని అతనికి తెలుసు. ఊళ్ళో ఏ తల్లీ ఇప్పుడు “రేయినోలాగా” అనడం లేదు.

కొత్త సంవత్సరం వచ్చింది, పలకలు తియ్యలేదు. రేయినో పాత వార్తలు వెతికాడు, ప్రార్థనాలయాల్లో అడిగాడు, ఒకటి రెండు తలుపులు తట్టి తిట్లు తిని వచ్చాడు. ఒక ఇంట్లో మాత్రం ఒక తండ్రి కూర్చోబెట్టి కొడుకు ఫొటో చూపించాడట. ఆ ఇంటి సంగతి మాకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

జనవరి నడిమిన పోటీలకు విన్నిపెగ్ జట్టు వచ్చింది. డార్సీ సంచి దింపుతూనే గోడ మీద చూశాడు.

“ఓరి మీ ఇల్లు బంగారం గానూ! ఇంకా నడుస్తోందా ఈ ఆట? ఆరు, అయిదు! కప్పు కొట్టేశారన్నమాట!”

గోర్డ్ కిటికీలోంచి బయటికి చూశాడు. రేయినో వచ్చి బోర్డు కింద నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి ఆ పలకల కింద కురచగా కనబడ్డాడు.

“కప్పు మనదే అని నేనూ అన్నాను డార్సీ, ఈ ఆరోది తగిలించినప్పుడు. ఇది ఇర్విన్ మీకిస్. ఇదిగో, ఈ వంటింటి పైకప్పు బాగుచేసినవాడు. వెర్నా మేనల్లుడు. అయిదోది లొరేటా అని ఒక పిల్ల, దుకాణంలో పనిచేసేది. మూడోది ఆల్బిన్ అని ఒక పెద్దాయన, మా మిల్లులోనే చేసేవాడు, ఆయన పక్కన నిలబడి పనిచేశాను, పేరు విని కూడా గుర్తుపట్టలేదు. రెండోదాన్ని వాళ్ళ నాన్న నాకు ఫొటోలో చూపించాడు, పేరు మాత్రం చెప్పవద్దన్నాడు. మొదటిదీ నాలుగోదీ ఇంకా తెలియలేదు.”

డార్సీ మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే కాసేపు ఉండి, పోయింది.

“మరి కింద… మా వరుస?”

“మీది ఒక్కో పలకకి ఎనిమిదిమంది. వాళ్ళెవరో నాకు తెలియదు. అవీ నవ్వుతూనే తగిలించాను.”

డార్సీ కింది వరుస వైపు చూశాడు. ఆ పలకలు ఎన్నో అతనికి తెలుసు, ఒక్కో దాని వెనక ఎందరో ఇప్పుడే విన్నాడు. “నాకూ తెలియదు” అన్నాడు చివరికి.

వంటింటి కిటికీ తెరుచుకుంది. “సూపు చల్లారిపోతోంది, వస్తారా, అక్కడే నిలబడతారా?” అని వెర్నా కేక వేసింది. అందరూ వరుస కట్టారు. రేయినో చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు గిన్నె చాచాడు. ఆమె నిండా పోసింది, ఒక రొట్టె ముక్క కూడా పెట్టింది. చెంచా పట్టుకోవడం గురించి ఏమీ అనలేదు. అతని మొహంలోకి చూడకుండా కిటికీ మూసుకుంది.